వారపత్రికలలో పుటకర్తలు

పత్రికల చరిత్రమును వ్రాయువారు స్థాపకుల త్యాగములను, సంపాదకుల పేరులను, రచయితల కృతులను శ్రద్ధతో సేకరించుచున్నారు. ఇది యావశ్యకమే. కాని వినోదప్రధానమైన వారపత్రికను చేతబట్టుకొన్న పాఠకుడు మొదట దానిని చదువుట లేదు, చూచుచున్నాడు. అట్టమీది బొమ్మయు, కథపేరు వ్రాసిన తీరును, ఆ పేరునకును కథారంభమునకును నడుమ విడిచిన తెల్లని చోటును, ఎదుటి పుటలోని ప్రకటనయు అతని కన్నులకు తగిలిన పిమ్మటగాని రచయితయొక్క మొదటి వాక్యము అతనికి చేరదు. ఈ యమరిక తనంతట తాను కలుగునది కాదు. ఏ బొమ్మను గైకొనవలెను, ఏది విడువవలెను, దేనిని పెద్దదిగా వేయవలెను, దేని ప్రక్కన దేనిని నిలుపవలెను అని యెవ్వరో యొకరు వారము వారము నిర్ణయించుచుందురు. ఇంగ్లీషు పత్రికా కార్యాలయములలో ఈ పని చేయువానిని ఆర్టు ఎడిటరనియు, ఆర్టు డైరెక్టరనియు పిలిచిరి. ఇటీవల క్రియేటివ్ డైరెక్టరను పేరు వ్యాపించినది. తెలుగున దీనికి స్థిరమైన మాట యేర్పడలేదు. ఈ వ్యాసమున అతనిని పుటకర్త యని వ్యవహరింతుము.

పుటకర్త చేయునది కేవలాలంకారమా, లేక గ్రంథకర్తృత్వములో భాగమా? అలంకారమే యైనచో సాహిత్య చరిత్రమున అతనికి చోటు లేకపోయినను లోపము లేదు. కర్తృత్వమే యైనచో అతని మంచి చెడ్డలను విచారింపకుండ వ్రాసిన పత్రికా చరిత్రము సగము చరిత్రమే యగును. ఈ రెండవ పక్షమే సత్యమని మా యభిప్రాయము. దానికి కొన్ని దృష్టాంతములను జూపుటయే ఈ వ్యాసోద్దేశము.

1. కొయ్యదిమ్మల కాలము

చిత్రములతో వెలువడు వారపత్రికలకు మార్గదర్శియైనది లండనులో 1842 మే 14వ తేదీన హెర్బర్టు ఇంగ్రామ్ ఆరంభించిన ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్. ఇంగ్రామ్ నాటింగ్‌హామ్ పట్టణమున ముద్రాపకుడుగను, పత్రికలు విక్రయించువాడుగను జీవించినవాడు. బొమ్మలుగల సంచికలు తక్కిన వానికంటె త్వరగా చెల్లిపోవుచుండుట అతడు తన యంగడిలోనే గమనించెను. ఆ యనుభవమే అతని మూలధనము. మొదటి సంచికకు 16 పుటలు, 32 చిత్రములు, వెల ఆరు పెన్నీలు. 26,000 ప్రతులు చెల్లినవి.

నాడు ఛాయాచిత్రమును అక్షరములతోపాటు అచ్చొత్తు విద్య లేదు. చిత్రకారుడు గీచిన దానిని గట్టి కొయ్యదిమ్మపై చెక్కవలెను. అందుకు వాడినది బాక్స్ అను చెట్టు కొయ్య. ఆ చెట్టు సన్ననిది. పెద్ద చిత్రమునకు చాలు పలక దానినుండి రాదు. కావున చిన్న దిమ్మలను మరలతో బిగించి యొక్క పలకగా జేసి, దానిపై బొమ్మ గీచి, మరల విడదీసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పనివానికి పంచియిచ్చెడివారు. రాత్రింబగళ్లు చెక్కినను ఒక్కడు వారములో ముగింపలేని పనిని పదిమంది ఒక్క రాత్రిలో ముగింపగలిగిరి. ఆ ముక్కలను మరల జేర్చినప్పుడు గీతలు ఒకదానితో నొకటి కలియవలెను గదా! అందుచేత అతుకులమీది గీతలను ప్రధాన శిల్పి ముందుగనే చెక్కి, పిమ్మట పంచెడివాడు. అయినను నాటి చిత్రములను శ్రద్ధగా జూచినచో అతుకులుగల చోట సన్నని తెల్లని గీటు కొన్నింట నేటికిని గానవచ్చును. ఆ గీటు ఒక వారపు తొందరకు సాక్ష్యము. దానికి ఇరువైపుల పనిచేసిన వారిలో పెక్కుమంది పేరులు మనకు దక్కలేదు.

ఆ మొదటి సంచికలోని మొదటి పుటయే మన విచారణకు మిక్కిలి పనికివచ్చును. ఆ నెలలోనే జర్మనీలోని హాంబర్గు నగరమున గొప్ప యగ్నిప్రమాదము సంభవించెను. దానిని కన్నులార జూచి గీచిన చిత్రము లండనులో నెవ్వరికడను లేదు. అప్పుడు బ్రిటిష్ మ్యూజియమునందున్న హాంబర్గు నగరపు పాత చిత్రమొకటి తీసికొని, దానికి మంటలను, పొగను, చూచుచున్న జనులను చేర్చి, వార్తాచిత్రముగా ముద్రించిరి. నగరము నిజము, అగ్ని నిజము. ఆ రెంటిని గలిపిన దృశ్యము మాత్రము కార్యాలయమున బుట్టినది. పుటకర్త యధికారమును, ఆ యధికారముతో వచ్చు ప్రమాదమును ఈ వృత్తియొక్క మొదటి దినముననే కలసి పుట్టినవని దీనివలన తేలుచున్నది.

2. చుక్కల విద్య, బెర్లిను పత్రిక

పందొమ్మిదవ శతాబ్దాంతమునకు హాఫ్‌టోన్ విద్య వాడుకలోనికి వచ్చెను. గీతలు గీచిన గాజుపలకగుండ ఛాయాచిత్రమును మరల చిత్రించినచో నలుపు తెలుపుల తారతమ్యము చిన్న పెద్ద చుక్కలుగా మారును. ఆ చుక్కలను రాగి రేకుపైనను జింకు రేకుపైనను ఆమ్లముతో తినిపించి, రేకును కొయ్యదిమ్మకు బిగించి, అక్షరముల యెత్తునకు సరిచేసినచో బొమ్మయు మాటయు ఒక్క మాఱే అచ్చుపడును. ముతక కాగితమునకు అంగుళమునకు సుమారు 65 గీతల తెర చాలును. నున్నని కాగితమునకు 120గాని అంతకు మించిగాని వలయును. ముతక కాగితముమీద సన్నని తెర వాడినచో సిరా అలముకొని ముఖము మసియగును. కావున ఏ చిత్రము బాగున్నదని మాత్రమే కాక, ఏ చిత్రము తన కాగితముమీద నిలుచునని కూడ పుటకర్త యెఱిగియుండవలెను.

ఈ విద్యను జనసామాన్యమునకు చేర్చిన పత్రికలలో బెర్లీనర్ ఇల్లస్ట్రీర్టె జైటుంగ్ ముఖ్యమైనది. ఉల్‌స్టీన్ సంస్థ 1894లో దానిని కొనెను. కుర్ట్ కోర్ఫ్ సంపాదకత్వమున అది వీథులలో విడిసంచికలుగా విక్రయింపబడుచు, 1930 ప్రాంతమునకు ఇంచుమించు ఇరువది లక్షల ప్రతులకు జేరెను. కోర్ఫ్ తన సూత్రమును 1927లో దాపరికము లేక వెల్లడించెను. విషయముయొక్క ప్రాముఖ్యమును బట్టి కాక, చిత్రముయొక్క యాకర్షణమును బట్టియే తాము చిత్రముల నేరుచున్నామనుట దాని సారాంశము. వినోదపత్రికకు ఇంతకంటె స్పష్టమైన వృత్తిధర్మము లేదనిపించును. కాని యీ సూత్రము ఎచ్చటికి గొనిపోగలదో అంతకు ఎనిమిదేండ్ల క్రిందటనే ఆ పత్రికయే చూపియుండెను.

1919 ఆగస్టులో జర్మనీయందు క్రొత్త ప్రజాప్రభుత్వము నిలద్రొక్కుకొనుచుండెను. యుద్ధమున నోడి, చక్రవర్తిని గోల్పోయిన దేశమది. ఆగస్టు 21వ తేదీన ఫ్రీడ్రిహ్ ఎబర్టు అధ్యక్షుడుగా ప్రమాణము చేసెను. ఆగస్టు 24వ తేదీగల బెర్లిను వారపత్రిక ముఖపత్రముపై ఎబర్టును, మంత్రి గుస్తావ్ నోస్కెయు ఈత చెడ్డీలతో సముద్రపు నీటిలో నిలుచున్న చిత్రము పడెను. ఆ చిత్రమున అసత్యము లేదు. వారు బాల్టిక్ తీరమున స్నానము చేసినమాట వాస్తవమే. అది ఎవరి దృష్టి నైనను ఆకర్షించును. కోర్ఫ్ చెప్పిన సూత్రమునకు అది సరిపోవును. కాని పతకములతోను, పట్టుదట్టీలతోను నిండిన చక్రవర్తి చిత్రములకు అలవాటుపడిన జనులకు తమ క్రొత్త యధ్యక్షుడు ప్రమాణము చేసిన వారముననే ఇట్లు దర్శనమిచ్చెను. ప్రజాప్రభుత్వ శత్రువులు ఆ బొమ్మను పలువిధముల వాడుకొని యేండ్ల తరబడి ఎబర్టును అవహేళన చేసిరి. అతడు తన పరువును కాపాడుకొనుటకై పెక్కు వ్యాజ్యములు వేయవలసివచ్చెను. 1925లో అతడు మరణించెను.

ఆ ప్రభుత్వము ఒక బొమ్మవలన కూలినదని చెప్పుట అవివేకము. దాని పతనమునకు బలవత్తరములైన కారణములు వేరుగ గలవు. అయినను ఆ పత్రిక ఆ ప్రభుత్వమునకు శత్రువు కాకపోయినను, దానికి దీర్ఘకాలము బాధ కలిగించిన యాయుధమును శత్రువుల చేతికందించెను. ఇందొక్క యక్షరమైనను దురుద్దేశముతో వ్రాయబడలేదు. జరిగినదంతయు ఎన్నికలోను, స్థానములోను, సమయములోను జరిగినది. ఈ మూడును పుటకర్త పనులు.

3. ఎదురెదురు పుటలు

అదే దేశమున, అదే విద్యను మఱియొక తీరున నడపినవాడు స్టెఫాన్ లోరాంట్. అతడు 1901లో బుడాపెస్టు నగరమున జన్మించెను. చలనచిత్రములలో పనిచేసి, పిమ్మట మ్యూనిక్కు ఇల్లస్ట్రేటెడ్ పత్రికకు సంపాదకుడయ్యెను. ఎదురెదురుగా నున్న రెండు పుటలను ఒక్క రంగస్థలముగా భావించుట అతని పద్ధతి. ఒక చిత్రము పెద్దది, దాని యర్థమును సాగదీయుటకు కొన్ని చిన్నవి, నడుమ కొలది మాటలు. చిత్రములు వరుసగా నడచి యొక కథకు ఆద్యంతములను గల్పించును. చలనచిత్రముల కూర్పును ఎఱిగినవానికి ఈ పని సహజముగనే యబ్బెను.

1933లో నాజీలు అధికారమునకు వచ్చిన వెంటనే అతడు చెఱసాలలో వేయబడి, ఆఱు నెలలకు పైగా నందుండి, విడుదలయై ఇంగ్లండు చేరెను. ఆ చెఱసాల యనుభవములను 1935లో గ్రంథముగా ప్రకటించెను. లండనులో 1934లో వీక్లీ ఇల్లస్ట్రేటెడ్ పత్రికను, 1937లో లిలిపుట్ అను చిన్న మాసపత్రికను నడపి, 1938 అక్టోబరు 1వ తేదీన ఎడ్వర్డు హల్టను యాజమాన్యమున పిక్చర్ పోస్టును ఆరంభించెను. కొలది మాసములలోనే దాని వ్యాప్తి పది లక్షలు దాటినది. అది పండితుల పత్రిక కాదు. నాట్యములు, వీథులు, కార్మికుల యిండ్లు, సామాన్యుల విహారములు దాని విషయములు.

ఆ 1938లోనే నవంబరు 9, 10 తేదీల రాత్రి జర్మనీలో యూదుల దుకాణములును ప్రార్థనా మందిరములును ధ్వంసము చేయబడెను. నవంబరు 26వ తేదీ సంచికలో లోరాంట్ 'మరల మధ్యయుగములకే' అను నర్థముగల శీర్షికతో కొన్ని పుటలను గూర్చెను. హిట్లరు, గోబెల్సు, గోరింగు, స్ట్రైఖరు అనువారి ముఖములొక ప్రక్క. వారు బాధించిన శాస్త్రజ్ఞులు, రచయితలు, నటులు మఱియొక ప్రక్క. దీర్ఘమైన వాదమునకు అచ్చట పనిలేదు. ఒక పుటనుండి మఱియొక పుటకు పాఠకుని కన్ను నడచిన నడకయే వాదమయ్యెను.

ఇంతలో అతడు విడిచివచ్చిన దేశమున నేమి జరిగినది? ఉల్‌స్టీన్ కుటుంబము 1934లో తన సంస్థను గోల్పోయెను. బెర్లిను పత్రిక వేయుచున్న బొమ్మలు నాజీల ప్రచారమునకు లోబడెను. కోర్ఫ్, అతని సహచరుడగు చిత్రకారుడు కుర్ట్ జఫ్రాన్‌స్కి అమెరికాకు వలసపోయిరి. 1936లో వెలువడిన లైఫ్ వారపత్రికయొక్క యాలోచనలలో కోర్ఫ్ పాల్గొనెను. జఫ్రాన్‌స్కి న్యూయార్కులో బ్లాక్ స్టార్ అను చిత్రసంస్థ స్థాపకులలో నొకడయ్యెను. అచ్చుయంత్రములు బెర్లినులోనే యుండిపోయినవి. విద్య మాత్రము వారి వెంట సముద్రము దాటినది. ఆ యంత్రములే అసత్యమునకును, ఆ విద్యయే సత్యమునకును ఉపయోగపడుట చూడగా, పత్రికయొక్క గుణము యంత్రమునందు గాని కాగితమునందు గాని లేదనియు, ఏర్చి కూర్చువాని బుద్ధియందు గలదనియు స్పష్టము.

4. తెలుగు పుట

ఇక మన భాషకు వత్తము. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా నారంభించిరి. 1914లో అది మద్రాసునుండి దినపత్రికగా వెలువడుట మొదలయ్యెను. 1924లో భారతి మాసపత్రిక జన్మించినది. ఆంధ్రపత్రిక వారు ప్రకటించిన సచిత్ర వారపత్రిక యిరువదవ శతాబ్దపు నడిమి దశాబ్దములలో తెలుగువారి యిండ్లలో కథలకు, హాస్యమునకు, సినిమా ముచ్చటలకు నిలయమైనది.

తెలుగు పుటకర్తకు ఐరోపావానికి లేని చిక్కొకటి గలదు. మన యక్షరమునకు పైని గుడులు, క్రింద వత్తులు. పంక్తులను దగ్గఱగా బేర్చినచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని తాకును. కావున ఒక్క పుటలో పట్టు మాటలు తక్కువ. శీర్షికలకు తగిన పెద్ద యక్షరములు సీసపు పోతలలో కొలది రకములే యుండెడివి. హాస్యకథకు, విషాదకథకు, పురాణకథకు, అపరాధకథకు ఒక్క మోస్తరు అక్షరమే వేయవలసివచ్చినచో పాఠకునికి రసభేదము కంటికి గోచరింపదు. దీనికి మన చిత్రకారులు కనుగొన్న యుపాయము శీర్షికను చేతితో వ్రాసి, జింకు రేకుపై లైను బ్లాకు చేయించుట. ఇట్లు వెనుకటి వ్రాయసగాండ్ర విద్య అచ్చుయంత్రపు కాలమున వారపత్రిక శీర్షికలయందు మరల చిగిర్చెను.

ఇందు బాపు పేరు మొదట స్మరింపదగినది. నరసాపురమున 1933లో జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణగారు న్యాయశాస్త్ర పట్టభద్రులయ్యును ఆంధ్రపత్రికలో చిత్రకారులైరి. వారి చేతివ్రాత తెలుగు శీర్షికలకు ఒక క్రొత్త నడక నిచ్చెను. పిమ్మటి కాలమున అది కంప్యూటరు అక్షరముగ గూడ రూపొందినది. 1950 దశకమున ఆ వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు బాపు బొమ్మలతో వెలువడెను. మాట రమణగారిది, గీత బాపుగారిది అని విభాగించుట సులభము. కాని బుడుగు మాటలను చదువుచు ఆ పిల్లవాని ముఖమును తలపనివారెవరు? సీగానపెసూనాంబను గీత లేక యూహింపగలవారెవరు? పెద్దల భాషను ధిక్కరించి పిల్లవాడు మాటలాడుచుండ, ఆ ధిక్కారమునకు తగిన శరీరమును గీత సమకూర్చినది. ఇరువురిలో నెవరు కర్త యను ప్రశ్నకు 'ఆ పుట' యనునదే సరియైన సమాధానము.

వడ్డాది పాపయ్యగారు (1921–1992) చందమామ, యువ మాసపత్రికలకు వేసిన ముఖచిత్రములును ఇట్టివే. 'వ.పా.' అను రెండక్షరముల సంతకముచేత వారిని తెలుగునా డెఱుగును. చిత్రకారుడు సంతకము చేయును. కాని ఏ కథకు బొమ్మ వేయింపవలెను, అది ఎంత స్థలము నాక్రమింపవలెను అని నిశ్చయించినవాడు సంతకము చేయడు. అతడు సంపాదకుడే కావచ్చును, చిత్రకారుడే కావచ్చును, కంపోజింగు విభాగపు పెద్దయే కావచ్చును. మన కార్యాలయములలో ఈ పని తఱచుగా పలువురి నడుమ పంచబడియుండుటచేతనే దానికొక పేరు కలుగలేదు. పేరు లేని దానికి చరిత్రయు లేకపోయినది.

ఆ పని సుఖమైనదియు కాదు. బ్లాకులు తయారగుటకు దినములు పట్టును గావున అక్షరములు కూర్చుటకు ముందే బొమ్మలు సిద్ధము కావలెను. చిత్రకారునికి పెక్కుమాఱులు కథ యంతయు నందదు, సారాంశము మాత్రమే యందును. రెండవ రంగు ఒక ఫారములో ఒక్క ప్రక్కనే వేయుటకు వీలున్నచో, ఆ ప్రక్క పడు పుటలకే రంగు దక్కును. ఏ రచయితకు రంగు, ఏ రచయితకు నలుపు అనునది అప్పుడు గుణమును బట్టి కాక పుటసంఖ్యను బట్టి నిర్ణయమగును. కడపట ప్రకటన వచ్చినచో కథలో నాలుగు పంక్తులు పోవును. సంచికల పాఠమునకును పుస్తకపాఠమునకును భేదము కనబడినప్పుడు రచయిత దిద్దుకొనెనని వెంటనే నిశ్చయించు పరిశోధకులు ఈ సంగతిని మఱువరాదు.

5. పోవుచున్న సాక్ష్యము

పైని జెప్పినదంతయు నిలుచుటకు సాక్ష్యము వలయును. ఆ సాక్ష్యమే నేడు నశించుచున్నది. వారపత్రికలను బైండు చేయునప్పుడు అట్టలను, ప్రకటనల పుటలను తీసివేయుట పెక్కు గ్రంథాలయములలో ఆచారముగ నుండెను. స్థలము మిగులునని, చదువదగినది లోపలనే యున్నదని వారి తలంపు. 1919 ఆగస్టు 24వ తేదీ సంచికకు అట్ట తీసివేసినచో లోపల నేమి మిగులును? ఎబర్టు వ్యాజ్యములకు కారణమైన బొమ్మ ఆ ప్రతిలో నుండనే యుండదు.

రెండవ శత్రువు కాగితము. కొయ్యపొడితో చేసిన చవుక కాగితమునందు లిగ్నిను మిగిలియుండును, ఆమ్లమును చేరును. వెలుతురు తగిలినకొలది పసుపువారి, మడిచిన చోట విఱుగును. తాళపత్రము వందలయేండ్లు నిలిచిన దేశమున డెబ్బదియేండ్ల వారపత్రిక చేతిలోనే పొడియగుచున్నది. మూడవది మన యజాగ్రత్త. కంప్యూటరు ప్రతులు తీయునప్పుడు రంగు పుటలను నలుపు తెలుపులుగా తీసినచో అక్షరము దక్కును, పుట దక్కదు. ధారావాహికలను పుస్తకములుగా వేయునప్పుడు బొమ్మలను విడిచిపెట్టుటయు ఇట్టిదే.

ఈ విషయమున పండితులకంటె గృహిణులే మేలు చేసిరి. వారము వారము ధారావాహిక పుటలను జాగ్రత్తగా చింపి, వరుసగా బేర్చి, దారముతో కుట్టించి దాచుకొన్న యిండ్లు తెలుగునాట ననేకములు. ఆ కుట్టు పుస్తకములలో శీర్షిక వ్రాత యున్నది, బొమ్మ యున్నది, వెనుక పుటలో సగము సబ్బు ప్రకటనయు నున్నది. వానిని పాతకాగితములకు అమ్మివేయక ముందే సేకరింపవలసిన భారము సాహిత్య పరిశోధక సంస్థలది.

కావున వారపత్రికల పట్టికలను వ్రాయువారు రచన పేరు, రచయిత పేరు, తేదీ అనువానితో తృప్తిపడక, ముఖచిత్రమును, దాని కర్తను, శీర్షిక వ్రాతను, బొమ్మల సంఖ్యను, రంగులను, ఎదుటి పుటలో నున్న దానిని గూడ గుర్తింపవలెను. అట్టలతో గూడిన ప్రతి యొక్కటియైనను ఎచ్చట నున్నదో తెలుపవలెను. సీసపు అక్షరముల కాలమున పనిచేసిన కంపోజిటర్లును, బ్లాకులు చేసినవారును ఇప్పుడు వయోవృద్ధులు. వారి జ్ఞాపకములను వారి నోటనే విని వ్రాసికొనవలెను.

హాంబర్గు మంటలను పాత చిత్రమునకు అంటించిన చేయి యెవరిదో విచారించుట దోషారోపణమునకు గాదు. ఈ వృత్తిలో దోషమును గుణమును ఒక్క చేతినుండియే పుట్టుచున్నవి. ఆ చేతిని గుర్తించినగాని దేనికి నింద, దేనికి ప్రశంస యని నిర్ణయింప వలనుపడదు. గుర్తించుటకు వలసిన పుటలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. అవి పొడిగాక ముందే ఈ పని జరుగవలెను.